పారేసే ముందు టిప్పును చదవండి: ప్లాస్మా టార్చ్ భాగాలు, కోత నాణ్యత

ఆర్క్ వేడితో లోహాన్ని కోసే ప్లాస్మా టార్చ్ కింద నిన్నటిదాకా నున్నగా తెగిన 6 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు ఇవాళ ఒకవైపు వాలుగా తెగుతుంది, అడుగున స్లాగు, అంటే కరిగి గడ్డకట్టిన లోహం, గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు చాలా షాపుల్లో మొదట చేసేది ఆంపియర్లు పెంచడం. దానికీ లొంగకపోతే గాలి ప్రెషర్ పెంచుతారు. చివరికి టార్చ్ విప్పి టిప్పు పారేసి కొత్తది బిగిస్తారు. కోత బాగుపడుతుంది. రెండు రోజులు పోయాక మళ్లీ మొదటికి వస్తుంది. జబ్బు ఏమిటో ఆ పారేసిన టిప్పు మీద, దాని వెనక ఉన్న ఎలక్ట్రోడ్ మీద రాసే ఉంది. చదవకుండా చెత్తలో వేశారు కాబట్టి కొత్త జతకూ అదే గతి పట్టింది.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా గాలితో పనిచేసే 40 నుంచి 100 ఆంపియర్ల యంత్రాల గురించి. చేత్తో కోసే టార్చ్ అయినా, కంప్యూటర్ నడిపే చిన్న సీఎన్‌సీ టేబుల్‌కు బిగించినదైనా లోపలి సూత్రం ఒకటే.

టార్చ్ తలలో మధ్యన ఎలక్ట్రోడ్, దాని ముందు టిప్పు, అంటే నాజిల్ ఉంటాయి. ఆ రెండింటి మధ్య సన్నని ఖాళీలోకి గాలి నేరుగా రాదు, సుడి తిరుగుతూ వస్తుంది. సుడి బయటి పొర చల్లగా, దట్టంగా ఉండి టిప్పు గోడలను కాపాడుతుంది. నడిమధ్యన ఒత్తిడి తక్కువ. ఆర్క్ అక్కడే, రంధ్రం నడుమ నిలబడి, 20,000 డిగ్రీలకు పైబడిన వేడితో ప్లేటు మీదికి దిగుతుంది. రాగి కరిగేది 1,085 డిగ్రీలకే. అంత చిన్న రాగి రంధ్రం అంత వేడిని తట్టుకుంటోందంటే అది లోహం గొప్పతనం కాదు, ఆ సుడి చలవ. సుడి చెదిరితే ఆర్క్ పక్కకు జరుగుతుంది, రంధ్రం అంచు కాలుతుంది, కోత వాలుతుంది. టార్చ్ జబ్బుల్లో చాలా భాగం తిరిగి తిరిగి ఇక్కడికే చేరతాయి.

ఎలక్ట్రోడ్ కొనను గమనిస్తే రాగి మధ్యలో బూడిద రంగు చుక్క కనిపిస్తుంది. అది హాఫ్నియం. టిగ్ వెల్డింగులో వాడే టంగ్‌స్టన్ వేడి మీద గాలిలోని ఆక్సిజన్ తగిలితే ఇట్టే కాలిపోతుంది. హాఫ్నియం మాత్రం గాలిలోనూ నిలిచి, వేడెక్కాక ఎలక్ట్రాన్లను ధారాళంగా విడుదల చేస్తుంది. ఈ లోహం జిర్కోనియం ఖనిజంలో కలిసి దొరుకుతుంది. అణు ఇంధన గొట్టాలకు కావలసిన జిర్కోనియంలో హాఫ్నియం ఉండకూడదు. కాబట్టి హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో పనిగట్టుకుని దాన్ని వేరు చేస్తారు. అణు ఇంధన గొట్టాలకు పనికిరాని ఆ లోహమే ప్లాస్మా కోతకు ప్రాణం.

ఆర్క్ వెలిగినంతసేపూ ఆ చుక్క ఉపరితలం కరిగే ఉంటుంది. ఆర్క్ ఆరిన ప్రతిసారీ ఆ కరిగిన లోహంలో కొంత చిమ్మి పోతుంది. అందుకే చుక్క స్థానంలో క్రమంగా గుంట పడుతుంది. కోసిన మీటర్ల కంటే వెలిగించి ఆర్పిన సార్లే ఎలక్ట్రోడ్ ఆయుష్షును ఎక్కువగా తింటాయి. ఒకే జతతో ఒకరు పొడవాటి ప్లేట్లు మూడు గంటలు కోస్తే, మరొకరు చిన్న బ్రాకెట్లకు బెజ్జాలు పొడుస్తూ గంట తిరక్కుండానే ముగిస్తారు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు.

ఆ గుంట లోతును మొన సన్నగా ఉన్న డెప్త్ గేజీతో కొలవండి. గాలితో కోసే మామూలు రాగి ఎలక్ట్రోడ్‌కు 1 మి.మీ. దాటితే కొత్తది చేతికి అందేలా పెట్టుకోవాలి, 1.5 మి.మీ. చేరితే మార్చేయాలి. కొన్ని యంత్రాల మాన్యువల్ 1.6 వరకు అనుమతిస్తుంది. మీ మాన్యువల్‌లో ఉన్న అంకెదే తుదిమాట. ఇంకా వెలుగుతోంది కదా అని నడిపితే హాఫ్నియం అయిపోయి ఆర్క్ రాగిని పట్టుకుంటుంది. మంటలో ఆకుపచ్చ రంగు కనిపిస్తే అది కాలుతున్న రాగే. వెంటనే స్విచ్ వదలండి. అప్పటికే కొత్త టిప్పు పోయి ఉంటుంది, ఆలస్యం చేస్తే టార్చ్ తల కూడా పోతుంది. టార్చ్ తల ఖరీదు ముందు ఎలక్ట్రోడ్ ఖరీదు లెక్కలోకి రాదు.

లోతుతో పాటు ఆకారమూ చూడాలి. గుంట నడిమధ్యన గుండ్రంగా ఉంటే అది ఆయుష్షు తీరి అరిగిన ఎలక్ట్రోడ్, బెంగ అక్కర్లేదు. ఒక పక్కకు జరిగి ఉంటే సుడి సరిగా తిరగడం లేదు. గాలికి సుడి పెట్టే రింగులో బెజ్జం పూడిందేమో, పగుళ్లు వచ్చాయేమో చూడాలి. చుట్టూ రాగి నీలం తిరిగి కమిలి ఉంటే చలువ చాలలేదు. ప్రెషర్ తక్కువై ఉండవచ్చు, ఎలక్ట్రోడ్ వదులుగా ఉండవచ్చు, లేదా టిప్పు తట్టుకోలేనంత కరెంటు ఇచ్చి ఉండవచ్చు. మన దగ్గర బాగా వాడకంలో ఉన్న పీ80 తరహా టార్చ్‌లలో ఎలక్ట్రోడ్‌ను మరతో బిగిస్తారు. అది వదులైతే వేడి వెనక్కి పారదు, మరలు కాలి టార్చ్ తలకు అతుక్కుపోతాయి. యంత్రంతో ఇచ్చిన చిన్న స్పానర్‌తోనే బిగించాలి, ప్లయర్‌తో కాదు.

ఎలక్ట్రోడ్ మీద నల్లటి మసి జిడ్డుగా తగిలితే కంప్రెసర్ నూనె వస్తోంది. కొత్త జత బిగించిన పది నిమిషాలకే గుంట లోతుగా తొలిచినట్టు ఉంటే నీళ్లను అనుమానించండి.

ఇక టిప్పు. గ్యాస్ కటింగ్ నుంచి వచ్చినవారికి ఒక అలవాటు ఉంటుంది: నాజిల్ మూసుకుంటే సూదితో పొడిచి శుభ్రం చేయడం. ప్లాస్మా టిప్పుకు అది చావుదెబ్బ. ఇక్కడ పనంతా చేసేది రంధ్రం గుండ్రదనమూ, దాని వాడి అంచూ. గీత పడిన చోటికి ఆర్క్ లాగుతుంది, ఆ దిక్కున కోత వాలుతుంది. డ్రిల్ బిట్, తీగ, ఎమరీ కాగితం ఏవీ తగలనివ్వకండి. బయట అంటిన కరిగిన లోహపు చిమ్ముళ్లను మెత్తగా తుడిచి తీయండి. వెలుతురుకు ఎత్తి రంధ్రాన్ని రెండు వైపుల నుంచీ చూడండి. కోడిగుడ్డు ఆకారం కనిపించినా, తాళంచెవి బెజ్జంలా ఒక పక్క గాటు పడినా దాని పని అయిపోయింది.

ఆ గాటు ఎందుకు పడుతుందో తెలిస్తే సగం టిప్పులు దక్కుతాయి. కరెంటు ఎలక్ట్రోడ్ నుంచి రంధ్రం మధ్యగా నేరుగా ప్లేటుకు వెళ్లాలి. టిప్పు ప్లేటుకు మరీ దగ్గరైనా, పొడిచేటప్పుడు కరిగిన ఇనుము ఎగిరి టిప్పుకు తగిలినా, రంధ్రం పరిమితికి మించి కరెంటు ఇచ్చినా అది అడ్డదారి పడుతుంది. ఎలక్ట్రోడ్ నుంచి టిప్పుకు ఒక ఆర్క్, టిప్పు నుంచి ప్లేటుకు మరో ఆర్క్. దీన్నే డబుల్ ఆర్కింగ్ అంటారు. సెకను లోపే రాగి అంచు కరుగుతుంది. నష్టం బయటి వైపు కనిపిస్తే ఎత్తు తప్పింది, లేదా చిమ్ముళ్లు తగిలాయి. లోపలి వైపు మొదలైతే గాలి తక్కువైంది, ఎలక్ట్రోడ్ అరిగింది, లేదా పైలట్ ఆర్క్‌ను, అంటే ప్లేటుకు చేరకముందు టార్చ్ లోపలే వెలిగే ఆర్క్‌ను, అనవసరంగా వెలిగించి ఉంచారు.

టిప్పు మీద 1.3, 1.5, 1.7 అని ఉండే అంకెలు రంధ్రం వ్యాసం. రంధ్రం పెద్దదైతే ఎక్కువ కరెంటుకు. చిన్న రంధ్రానికి ఎక్కువ ఆంపియర్లు ఇస్తే డబుల్ ఆర్కింగ్ వస్తుంది. పెద్ద రంధ్రంలో తక్కువ ఆంపియర్లు నడిపితే టిప్పు బతుకుతుంది కానీ ఆర్క్ లావుగా, నీరసంగా దిగి కోత వెడల్పవుతుంది, వాలుతుంది, స్లాగు పడుతుంది. చేతికందిన టిప్పు బిగించి నాబ్ తిప్పేసే షాపుల్లో కోత ఒక్కో రోజు ఒక్కోలా రావడానికి ఇదే కారణం.

ఎలక్ట్రోడ్, టిప్పు రెండూ జతగానే మార్చాలా? చేతి టార్చ్‌లో అవును. అరిగిన ఎలక్ట్రోడ్ ముందు కొత్త టిప్పు పెడితే ఆదా అయ్యేదేమీ లేదు. పొరపాటున ప్లేటుకు తగిలి టిప్పు ఒక్కటే చెడింది, ఎలక్ట్రోడ్ గుంట అర మిల్లీమీటరు కూడా లేదు అన్నప్పుడు మాత్రం టిప్పు ఒక్కటి మార్చినా పర్వాలేదు.

గాలి కారకుండా ఆపే రబ్బరు చుట్టుకు, అంటే ఓ-రింగుకు, టార్చ్ కంపెనీ చెప్పిన సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాలి, అదీ రబ్బరు మెరిసేంత పలచగా. ఎక్కువైతే సుడి రింగు బెజ్జాల్లోకి పాకుతుంది. బేరింగ్ గ్రీజు అయితే కాలి మసి అవుతుంది, ఆ మసి గుండా టార్చ్ లోపలే ఆర్క్ పడుతుంది. బయటి మూతను చేత్తోనే బిగించండి.

అసలు శత్రువు చాలాసార్లు టార్చ్‌లో ఉండదు, కంప్రెసర్ దగ్గర ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో 30 డిగ్రీల ఎండ, 80 శాతం తేమ ఉన్న రోజు తీసుకోండి. ఆ గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 45 ఆంపియర్ల యంత్రం నిమిషానికి సుమారు 190 లీటర్ల గాలి తాగుతుంది, అంటే ఆగకుండా కోస్తే గంటకు 11 ఘనపు మీటర్లకు పైమాటే. లెక్క కడితే గంటకు పావు లీటరుకు మించిన నీరు కంప్రెసర్‌లోకి పోతోంది. 7 బార్‌కు నొక్కి తిరిగి 30 డిగ్రీలకు చల్లార్చితే అందులో ఎక్కువ భాగం నీరై ట్యాంకు అడుగుకు చేరుతుంది. 40 గ్రాముల పైచిలుకు ఆవిరిగానే మిగులుతుంది. అదే గాలి 45 డిగ్రీల వేడితో ట్యాంకు నుంచి బయటికొస్తే ఆవిరిగా పోయేది 90 గ్రాములకు పైమాటే. మామూలు గిన్నె ఫిల్టర్ చుక్కలను పట్టగలదు, ఆవిరిని పట్టలేదు. ఆవిరి ఫిల్టర్ దాటి, గొట్టంలో చల్లబడి, టార్చ్ దగ్గర నీరవుతుంది. ఆర్క్‌లో పడిన నీరు హాఫ్నియంను తినేస్తుంది, ఆర్క్ తడబడుతుంది, టిప్పు లోపల గుంటలు పడతాయి.

అందుకే ఫిల్టర్‌ను కంప్రెసర్ ముక్కుకు బిగించి ఊరుకుంటే లాభం లేదు. గాలి ముందు చల్లబడాలి. ట్యాంకు నుంచి ఏడెనిమిది మీటర్ల ఇనుప పైపు గోడ వెంట కొద్ది వాలుగా నడిపించి, చివర కిందికి దిగే కాలు పెట్టి దాని అడుగున వాల్వు బిగించండి. యంత్రానికి వెళ్లే కొమ్మను పైపు పై నుంచి తీయండి, కింది నుంచి తీస్తే నీళ్లన్నీ అందులోకే పోతాయి. ఆ తర్వాత, యంత్రానికి దగ్గరగా, నూనె పొగను పట్టే కోయలెసింగ్ ఫిల్టర్, దాని తర్వాత సిలికా జెల్ డ్రయ్యర్. ఈ వరుస తారుమారు కాకూడదు, నూనె తగిలిన సిలికా జెల్ మళ్లీ కోలుకోదు. నీలం జెల్ గులాబీ రంగుకు తిరిగితే 120 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెట్టి వాడుకోవచ్చు. పని ఎక్కువుండే షాపుకు రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యర్ దండగ కాదు. పేరున్న తయారీదారులు గాలికి అడిగే ప్రమాణం ఐఎస్ఓ 8573-1లోని 1.2.2 తరగతి. అందులో నీటికి సంబంధించిన రెండో అంకె అర్థం, ఒత్తిడిలో ఉన్న గాలి మైనస్ 40 డిగ్రీలకు చల్లారినా మంచు పట్టకూడదని. చిన్న షాపు అంత దూరం వెళ్లలేకపోవచ్చు, కానీ రోజూ సాయంత్రం ట్యాంకు అడుగు వాల్వు తెరవడానికి రూపాయి ఖర్చు లేదు.

కంప్రెసర్ సైజు కూడా ఇందులో భాగమే. నిమిషానికి 190 లీటర్లంటే ఏడు సీఎఫ్‌ఎంకు (నిమిషానికి ఘనపుటడుగులు) కాస్త తక్కువ. పిస్టన్ కంప్రెసర్ హార్స్‌పవర్‌కు మూడున్నర, నాలుగు సీఎఫ్‌ఎం ఇస్తుంది. కాబట్టి 2 హెచ్‌పీది అక్షరాలా ఊపిరి తీసుకోకుండా తిరుగుతుంది, వేడెక్కుతుంది, వేడి గాలితో ఇంకా ఎక్కువ ఆవిరిని పంపుతుంది. 3 హెచ్‌పీ కనీసం, 5 అయితే నిశ్చింత.

ప్రెషర్‌ను గాలి పారుతుండగా చూడాలి. ఆగి ఉన్నప్పుడు గేజి 6 బార్ చూపించి, ట్రిగ్గర్ నొక్కగానే 4కు పడిపోయే ఏర్పాట్లు ఎన్నో ఉన్నాయి. సన్నని గొట్టం, పూడిన ఫిల్టర్, ఇరుకు క్విక్ కప్లింగు అందుకు కారణాలు. తక్కువైతే టిప్పు కాలుతుంది. ఎక్కువైతే మేలనుకోవడం తప్పు. ఆర్క్ వెలగడం కష్టమవుతుంది, హాఫ్నియం త్వరగా చిమ్మిపోతుంది. పరీక్షకు ఒక సులువు ఉంది. యంత్రాన్ని గాలి మాత్రమే వచ్చే సెట్టింగులో పెట్టి, టిప్పు కింద శుభ్రమైన అద్దం ముక్క పట్టండి. మంచు పట్టినా, జిడ్డు మరక పడినా కోత మొదలు పెట్టకండి.

వెలిగించే తీరు మాటకొస్తే, ఊరికే గాలిలో ట్రిగ్గర్ నొక్కి చూడటం మానాలి. పైలట్ ఆర్క్ ఎలక్ట్రోడ్‌కూ టిప్పుకూ మధ్యే నడుస్తుంది, ఆ క్షణాలన్నీ టిప్పు అరుగుదలే. కోత పూర్తయ్యాక గాలి కొన్ని సెకన్లు వస్తూనే ఉంటుంది, అది ఎలక్ట్రోడ్‌ను చల్లార్చడానికి. ఆ గాలి ఆగకముందే మెయిన్ స్విచ్ కట్టేయకూడదు.

అంచు నుంచి మొదలుపెట్టేటప్పుడు టార్చ్‌ను నిలువుగా పట్టి, ఆర్క్ అడుగు దాకా దిగాకే కదలాలి. ప్లేటు మధ్యలో పొడవాల్సి వస్తే టార్చ్‌ను ప్లేటుకు 30 డిగ్రీల దాకా వంచి వెలిగించి, చిమ్ముళ్లు పక్కకు ఎగురుతుండగా మెల్లగా నిలువుకు తేవాలి. సీఎన్‌సీలో వంచలేం కాబట్టి ఎత్తు పెంచుతారు. కోత ఎత్తు 1.5 మి.మీ. అయితే పొడిచే ఎత్తు 3 నుంచి 4 మి.మీ. ఉండాలి, రంధ్రం తెగాక కిందికి దించాలి. అంచు నుంచి కోయగలిగిన మందమంతా పొడవగలమని అనుకోకూడదు. గరిష్ఠంగా తెగే మందంలో దాదాపు సగమే పొడవడానికి క్షేమం. అంతకు మించితే డ్రిల్‌తో బెజ్జం వేసి అక్కడి నుంచి మొదలుపెట్టడం చవక.

వేగం సరిగా ఉందో లేదో ప్లేటు కింద కనిపిస్తుంది. నిప్పురవ్వలు ప్రయాణానికి ఎదురు దిక్కుగా, వెనక్కి 15 నుంచి 30 డిగ్రీలు వాలి పడితే వేగం కుదిరింది. నిట్టనిలువుగా దిగితే నెమ్మది, పైకి ఎగిరితే ప్లేటు తెగనే లేదు. పడిన స్లాగు కూడా సాక్ష్యం చెబుతుంది. నెమ్మదిగా పోతే ముద్దలు ముద్దలుగా, నురుగులా పేరుకుంటుంది, సుత్తితో తడితే రాలుతుంది. వేగం ఎక్కువైతే అంచు వెంట సన్నని గట్టి దారంలా పట్టుకుంటుంది, గ్రైండర్ పెట్టాల్సిందే. చాలామంది స్లాగు చూడగానే వేగం తగ్గిస్తారు. ముద్దగా ఉన్న స్లాగుకు అది సరిగ్గా తలకిందుల మందు. 6 మి.మీ. ఎంఎస్‌కు 45 ఆంపియర్ల దగ్గర నిమిషానికి మీటరున్నర చుట్టుపక్కల మొదలుపెట్టి, పనికిరాని ముక్క మీద కొద్దికొద్దిగా పెంచుకుంటూ స్లాగు మాయమయ్యే చోటు పట్టుకోండి. ప్లేటు వేడెక్కేకొద్దీ స్లాగు పెరుగుతుంది, కాబట్టి ఒకే మూలన వరుసగా కోయకుండా ప్లేటు అంతటా చెదరగొట్టి కోయడం మేలు.

వాలు సంగతి. సుడి వల్ల కోత రెండు వైపులూ ఒకేలా రావు. మామూలు టార్చ్‌లో సుడి సవ్యంగా తిరుగుతుంది, ముందుకు పోయే దిక్కుకు కుడివైపు అంచు నిటారుగా వస్తుంది. కావలసిన ముక్క కుడిచేతి వైపు, తుక్కు ఎడమచేతి వైపు ఉండేలా నడవాలి. అంటే బయటి చుట్టును గడియారం ముల్లు తిరిగే దిక్కులో, లోపలి రంధ్రాలను దానికి ఎదురుగా. ఇదొక్కటి సరిచేస్తే పైసా ఖర్చు లేకుండా సగం ఫిర్యాదులు పోతాయి.

ఇది సరిగా ఉండి కూడా వాలు వస్తే చదరపు ముక్క ఒకటి కోసి నాలుగు అంచులకూ గుర్తు పెట్టండి. నాలుగు వైపులా వాలు ఒకేలా ఉంటే ఎత్తూ వేగమూ చూడాలి. టార్చ్ ఎక్కువ ఎత్తులో ఉంటే ముక్క పైభాగం కోసుకుపోయి అడుగు వెడల్పుగా మిగులుతుంది, మరీ కిందికుంటే దానికి ఎదురు. ఒక్కో అంచు ఒక్కోలా ఉంటే టిప్పును పావు చుట్టు తిప్పి బిగించి మళ్లీ అదే చదరం కోయండి. లోపం కూడా తిరిగితే దోషం టిప్పుది. కదలకుండా అక్కడే ఉంటే టార్చ్ నిలువుగా లేదు, మూలమట్టం పెట్టి సరిచేయాలి.

వోల్టేజిని బట్టి ఎత్తు సర్దుకునే టేబుళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఎలక్ట్రోడ్ గుంట లోతయ్యేకొద్దీ ఆర్క్ పొడవు పెరుగుతుంది, వోల్టేజి పెరుగుతుంది. కంట్రోలర్ దాన్ని టార్చ్ పైకి పోయిందని పొరబడి కిందికి దించుతుంది. కొత్త జతకు కుదిర్చిన అంకెతోనే పాత జతను నడిపితే చివరికి టిప్పు ప్లేటును గీస్తుంది. జత పాతబడేకొద్దీ ఆ అంకెను కొద్దికొద్దిగా పెంచాలి. చిన్న రంధ్రాలు కోసేటప్పుడు, మూలల దగ్గర వేగం తగ్గేటప్పుడు కూడా కోత వెడల్పై ఇదే పొరపాటు జరుగుతుంది. అక్కడ ఎత్తు సర్దుబాటును ఆపి ఉంచాలి.

జత మార్చేటప్పుడు యంత్రం కరెంటు కట్టేయడం మరవకండి. వెల్డింగ్ సెట్టు మీద చేయి తిరిగినవారు ఇక్కడే మోసపోతారు. వెల్డింగ్ సెట్టు ఖాళీ వోల్టేజి మామూలుగా 100 లోపే. ప్లాస్మాది 250, 300 వోల్టుల డీసీ. టార్చ్ మూత విప్పి ఉండగా ట్రిగ్గర్ నొక్కుకుంటే చేతిలో ఉన్నది ఎలక్ట్రోడే. కళ్లకు 40 నుంచి 60 ఆంపియర్ల మధ్య కనీసం షేడ్ 6, ఆపైన షేడ్ 8 అద్దం కావాలి. జింకు పూత ఉన్న రేకు, స్టెయిన్‌లెస్ కోసేటప్పుడు పొగ ముఖం మీదికి రాకుండా గాలి ఆడాలి. స్టెయిన్‌లెస్ పొగలో క్రోమియం ఉంటుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్ల టేబుల్ మీద అల్యూమినియం కోస్తే హైడ్రోజన్ పుట్టి ప్లేటు కింద చేరుతుంది. నీటిలోకి గాలి ఊది దాన్ని చెదరగొట్టే ఏర్పాటు లేకపోతే అది పేలవచ్చు.

కోసిన ముక్క వెల్డింగుకు పోతుందంటే ఇంకో పని మిగిలి ఉంది. గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా నైట్రోజనే, కరిగిన అంచు దాన్ని పీల్చుకుంటుంది. చూడటానికి అంచు నున్నగా ఉన్నా దాని మీదే వెల్డ్ చేస్తే ఆ నైట్రోజన్ బయటికొచ్చి వెల్డ్‌లో బుడగల రంధ్రాలు పడతాయి. వెల్డర్ తన రాడ్డును, తడిని అనుమానిస్తూ కూర్చుంటాడు. బరువు మోసే జాయింటు అయితే కోసిన అంచును ముందుగా గ్రైండర్‌తో పలచగా, ఆ గట్టిపడిన పొర పోయి మెరిసే లోహం కనిపించేదాకా తీసి, అప్పుడు వెల్డర్ చేతికివ్వాలి.